గారపళ్ళు పుచ్చుపళ్ళు కావని మనవి

జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు,
అనంతపురం.

యాడికి మండలం, ఎర్రగుట్టపల్లె కాపురస్తుడు, మెట్ట రైతు సుంకప్ప నమస్కరించి రాసుకున్న అర్జీ.

విషయం: మా ఊరి గారపళ్ళను పుచ్చుపళ్ళని చెప్పి అరగదీయుచుండుట గురించి, వచ్చే సోమవారం నా కూతురి పళ్ళు అరగదీయకుండా ఆపించుట గురించి.

అయ్యా,

1. మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నదన్న విషయము బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసియే ఉన్నది. ఆ నీళ్ళు తాగి పెరిగినందున మా పళ్ళ మీద గోధుమరంగు చారలుండును. దీనినే మేము గార అందుము. చారలున్నా మా పళ్ళు గట్టివి. విత్తనానికి శనగకాయలు ఒలిచే రోజుల్లో వేళ్ళు నొచ్చితే ఆడవాళ్ళు కాయను పళ్ళ కింద పెట్టి పటుక్కుమనిపిస్తారు, గింజ చెదరదు. ఆ పనిలో నా భార్య సిద్దమ్మను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. లేకుండిరి అని రాయవలసి వచ్చినది.

2. పోయిన నెల అనంతపురం నుంచి ఒక ప్రైవేటు పళ్ళ ఆసుపత్రి వారు వచ్చి, బడి ముందర షామియానా వేసి 'ఉచిత దంత పరీక్ష' జరిపియున్నారు. పుల్లంత కెమెరా నోట్లో పెడితే పక్కన టీవీలో పన్ను తలుపంత కనబడును. అంత పెద్దది చేసి చూపిస్తే తమరి పన్నైనా భయంకరంగానే ఉండును, క్షమించాలి. మాస్కు కట్టుకున్న డాక్టరు హరినాథ్ గారు ఆ చారలు చూపించి, "పుచ్చు మొదలైందమ్మా, తొడుగులు వేయకుంటే పళ్ళన్నీ పోతాయి" అని సిద్దమ్మకు చెప్పినారు. తిమ్మక్కకూ దాసప్పకూ వరుసలో నిలబడిన అందరికీ అదే మాట. ఊరంతటికీ ఒకేసారి పుచ్చు పట్టునా అని అడిగే బుద్ధి ఆ రోజు నాకూ లేకపోయింది. టీవీలో కనబడింది గదా, నిజమే అనుకున్నాను.

3. సిద్దమ్మ ముందరి పళ్ళు నాలుగు వైపులా అరగదీసి తెల్లని తొడుగులు వేసినారు. వారం తిరగకముందే ఆమె అలవాటు కొద్దీ శనగకాయ కొరికింది. తొడుగు పగిలిపోయి, లోపల పిచ్చుక ముక్కంత మొన మిగిలింది. చన్నీళ్ళు తగిలినా గాలి తగిలినా ప్రాణం పోతాదని ఏడుస్తున్నది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి, "గట్టివి కొరకొద్దని మెసేజ్ పెట్టినాం, మీరు ఓటీపీ చెప్పి అన్నిటికీ ఒప్పుకున్నారు" అన్నది. పేరు నమోదుకని చెప్పి ఆ ఓటీపీ అడిగినారు. తొడుగులకు కట్టిన దుడ్ల సంగతి ఈ అర్జీలో ఎత్తడం లేదు. వానొస్తే దుడ్లు వస్తాయి, పళ్ళు రావు.

4. సర్కారు ఆసుపత్రిలో పళ్ళ డాక్టరమ్మ ఉమాదేవి గారికి చూపించినాము. ఆమె సిద్దమ్మ పళ్ళను ఒక్కొక్కటే అద్దం పెట్టి చూసినారు. తర్వాత, "ఇది పుచ్చు కాదప్పా, ఉత్త రంగు. తెలుపు కావాలంటే పైన పల్చగా పూత వేయొచ్చు. బాగుండే పన్నును ఇట్ల అరగదీస్తారా ఎవరన్నా?" అన్నారు.

5. ఆ మాట విని, పక్క ఊళ్ళో క్యాంపు జరుగుతున్నదని తెలిసి, నేను కర్ర పట్టుకొని పోయిన మాట వాస్తవము. హరినాథ్ గారు వ్యాను వెనక మాస్కు దించి టీ తాగుతున్నారు. అయ్యా, ఆయన పళ్ళకు కూడా గారే! అచ్చం మా చారలే.

"ఏమప్పా, ఏ ఊరు నీది?" అన్నాను.

"చిలమత్తూరు దగ్గరన్నా."

"మరి నువ్వెందుకు తొడుగులు వేయించుకోలేదు?"

తల దించుకున్నాడు. "గట్టిగా ఉండాయి గదన్నా. అరగదీయిస్తే పాడవుతాయి."

"మరి మావి?"

"నెలకిన్ని తొడుగులు వేయాలని పైవాళ్ళు మెడ మీద కూర్చుంటారన్నా. వేయకుంటే నన్ను తీసేస్తారు. నేనేం చేసేది?"

కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కొట్టడానికి చేయి రాలేదు. కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

6. నా కూతురు భారతి డిగ్రీ చదివింది. అనంతపురంలో చీరల షోరూములో పనికి పోతే, దాని పళ్ళ గార చూసి, "కౌంటర్లో నవ్వాల్సి ఉంటుందమ్మా" అని తిప్పి పంపినారు. ఆ మరునాడే ఈ ప్రైవేటు పళ్ళ ఆసుపత్రిలోనే పేరు రాయించుకుంది. సోమవారం రమ్మన్నారు. తల్లి నోరు చూస్తూ కూడా నా మాట వినడం లేదు.

కావున, సోమవారం లోపల విచారణ జరిపి ఆ ఆసుపత్రి వారిని నిలిపివేయవలెననియు, రంగును రంగని, పుచ్చును పుచ్చని చెప్పిన పిమ్మటనే పన్ను ముట్టవలెననియు కోరుచున్నాను. మరియు, క్యాంపుకు వచ్చిన ప్రతి పళ్ళ డాక్టరూ మొదట మాస్కు తీసి తన పళ్ళు చూపించి, ఆ తర్వాతే ఎదుటివారిని నోరు తెరవమనవలెనని ఉత్తర్వు వేయ ప్రార్థన. నవ్వులాటకు రాయలేదు. చిత్తగించి, ఒక్క రోజు ముందైనా రావలెను.

తమ విధేయుడు, ఓపిక చాలావరకు అయిపోయినవాడు,
సుంకప్ప.

తా.క.: కవరు అంటించే ముందు అర్జీని భారతికి చదివి వినిపించినాను. డాక్టరు పళ్ళ సంగతి వింటేనన్నా మనసు మారుతుందనుకున్నాను. అంతా విని, "ఆయప్పకు మాస్కుండాది నాయనా. నాకు యాడుండాది?" అన్నది. పమిట నోటికడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. సార్, తమరు వచ్చేటప్పుడు ఆ పిల్లకు చెప్పడానికి ఏదో ఒక మాట వెతుక్కొని రండి. సోమవారం పొద్దున బస్సుకే పోతాదంట.