లోపలికి పీల్చే ‘అవును’

జనవరి 14
దేశం ఉత్తర కొసన టీచరుగా కొత్త ఉద్యోగం. దక్షిణాన మా మాల్మోలో వాన, ఇక్కడ మంచు. మధ్యాహ్నం దాటకుండానే చీకటి. ప్రీస్కూల్లో అందరూ మంచివాళ్ళే, చిన్నా పెద్దా నన్ను పెర్నిలా అనే పిలుస్తారు, కానీ అంతకుమించి మాట్లాడరు. సింగ్రిడ్ అనే నాలుగేళ్ళ పాప అయితే ఒక్క మాటా పలకలేదు. ఏం అడిగినా ఠక్కున గాలి లోపలికి పీల్చి ఊరుకుంటుంది. ఆస్తమా అయి ఉంటుంది.

జనవరి 15
పాపను తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న తూరె వచ్చాడు. కలప లారీ నడుపుతాడు. పాపకు ఆస్తమా ఉందా అని అడుగుదామని, ముందు మర్యాదకి బయట చలిగా ఉందా అన్నాను. ఆయనా ఠక్కున గాలి పీల్చాడు. వంశపారంపర్యం కాబోలు.

జనవరి 16
పరువు పోయింది. తండ్రీకూతుళ్ళ ఆస్తమా గురించి చెప్తే మా ప్రిన్సిపాల్ గున్‌వోర్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఇక్కడ అలా పీలిస్తే ‘అవును’ అని అర్థమట.

జనవరి 20
నవ్వులు ఆగిపోయాయి. సింగ్రిడ్ మాట్లాడగలదని చూపే రికార్డింగ్ శుక్రవారంలోగా సిటీ ఆఫీసుకి పంపాలి. లేకపోతే సిటీలో మాటలు రాని పిల్లల స్పెషల్ గ్రూపుకి మార్చేస్తారు. రోజూ బస్సులో గంటన్నర. తూరెకి చెప్పాను. ఆయన పాప టోపీ మళ్ళీ మళ్ళీ సర్దాడు. నాకు ఏడుపొచ్చింది.

జనవరి 21
అక్షరం ముక్క లేని బొమ్మల పుస్తకం తీశాను. బొమ్మలు చూసి పాపే కథ చెప్పాలి. మంచులో ముసలమ్మ, నక్క, ఒక ఎర్ర చేతి తొడుగు. నక్క తొడుగు ఎత్తుకుపోయింది కదూ? పీల్చింది. దొంగ నక్క కదూ? పీల్చింది. ముసలమ్మ ఏడుస్తోంది, పాపం కదూ? పీల్చింది.

ఇంటికొచ్చి రికార్డింగ్ విన్నాను. అంతా నా వాగుడే. మధ్యమధ్యలో ఎవరో సూప్ జుర్రుతున్నట్టు చప్పుడు. ఇది పంపితే నాకు ఫుల్ మార్కులు వస్తాయి.

జనవరి 22, ఉదయం 6
పళ్ళు తోముకుంటుంటే తట్టింది. అవునుకి గాలి చాలు. కాదుకి గాలి కుదరదు. నోరు తెరవాల్సిందే!

అదే రోజు, మధ్యాహ్నం
అదే పుస్తకం తెరిచాను. ఇదిగో ఆవు, సైకిలెక్కి వస్తోంది అన్నాను. సింగ్రిడ్ నా వంక జాలిగా చూసింది.

“ఆవు కాదు. నక్క.”

రికార్డింగ్ నడుస్తోందో లేదో ఓరకంట చూసుకున్నాను. అయితే ఈ దొంగ నక్క, అన్నానో లేదో మీద పడింది.

“దొంగ కాదు పెర్నిలా! తొడుగు నక్కదే. మొదటి పేజీలో తొడుక్కుని ఉంది కదా, నువ్వు గబగబా తిప్పేశావు. ముసలమ్మే కొట్టేసింది. నక్క చెయ్యి చలికి గడ్డకట్టింది, అందుకే వెతుక్కుంటూ వచ్చింది. ముసలమ్మ ఏడవడం లేదు, ఉల్లిపాయలు కోస్తోంది.”

తిప్పి చూశాను. అన్నీ నిజమే. మరి నిన్న దొంగ కదూ అంటే అవునన్నావేం అని అడిగాను. కొత్త టీచర్‌వి కదా, పాపం అని ఊరుకున్నానంది.

జనవరి 23
రికార్డింగ్ పంపాం. నా భాగం కత్తిరించవచ్చా అని గున్‌వోర్‌ని అడిగాను. కుదరదంది.

ఫిబ్రవరి 3
సిటీ నుంచి జవాబొచ్చింది. సాయంత్రం తూరె గుమ్మంలోనే నిలబడి, తమ పిల్ల ఇక్కడే ఉంటుందా అని అడిగాడు. చెప్పాలని ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిచాను. ఠక్కున గాలి లోపలికి పోయింది, అంతే.