ఆర్గాన్‌లో టక్‌మనే చప్పుడు

ఆగస్టు 2006, ఆదివారం

గవర్నర్‌పేట స్టూడియోలో ఇవాళ కంప్యూటర్‌లోంచి అచ్చం మా పాత ఎలక్ట్రిక్ ఆర్గాన్ మోగింది. కీ నొక్కగానే వచ్చే టక్‌మనే చప్పుడు కూడా ఉంది.

"అది సాఫ్ట్‌వేర్ వాళ్ళు కావాలనే పెట్టారు మాస్టారూ. వద్దంటే తీసేయొచ్చండీ," అన్నాడు రికార్డింగ్ చేసే ప్రసాదు.

ఆ చప్పుడు పోగొట్టాలనే మా అబ్బాజాన్ ప్రతి శుక్రవారం నమాజు నుంచి రాగానే ఆర్గాన్ విప్పి, కీల కింద స్పిరిట్‌తో తుడిచేవారు. అది తన రిపేరు పనితనానికే మచ్చ అనుకునేవారు. ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచి ఆ చప్పుడు పోయిందా అని అడిగితే, పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పాను.

ఇవాళ ప్రసాదు మౌస్‌తో దాన్ని సున్నాకి తగ్గించాడు. నా అబద్ధం నిజమైంది. కాసేపు వాయించి, మళ్ళీ పెట్టేయమన్నాను.

ఆ చప్పుడంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టమని అబ్బాజాన్‌తో ఒక్కసారైనా అనలేకపోయాను...