మూడు రాజులూ, నాన్నగారి సీసమూ

పాయింట్ కుక్,
మెల్‌బోర్న్.

పూజ్యురాలైన అక్కయ్యకు,

తమ్ముడు సుబ్రహ్మణ్యం పాదాభివందనం చేసి వ్రాసుకొనే విశేషాలు. ఇక్కడ మేమందరం క్షేమం. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావగారు ఉదయపు నడక మానలేదు కదా? ఫోనులో నా మాట నీకు సరిగా వినబడడం లేదని మా శారద చెప్పింది. అందుకే కలం పట్టాను.

ఇక్కడ ఆషాఢంలో చలికాలం. ఎండ చూసి శాలువా వదిలి బయలుదేరితే వీధి మలుపు తిరిగేలోగా వాన పట్టుకుంటుంది. శారదా, అల్లుడూ తెల్లవారకముందే కార్లెక్కి పనులకు వెళితే, సాయంత్రం దాకా నాతో తెలుగు మాట్లాడే మనిషి ఉండడు. మనవరాలికి నా మాట అర్థమవుతుంది గాని, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. అయినా దిగులు లేదు, నిజంగానే లేదు. శనివారాలున్నాయి.

శనివారం మధ్యాహ్నం పక్క వీధిలో రవి ఇంటి గ్యారేజీలో పోకరనే పేకాట ఆడతారు. రవి గుంటూరువాడు, అతని భార్య హరిణిది కరీంనగరు. వారి బృందంలోని వంశీ సెలవు మీద ఇండియా వెళ్లడంతో, ఖాళీ అయిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. డబ్బు పెట్టే ఆడతారు. బెదరకు, పోయినా కూరగాయల ఖర్చును మించదు. తన ముక్కలు నచ్చినవాడు పందెం పెంచుతాడు, నచ్చనివాడు ముక్కలు కింద పెట్టి తప్పుకుంటాడు. దానినే ఫోల్డ్ అంటారు. ద్యూతం వ్యసనమని శాస్త్రం చెప్పిన సంగతి నేను మరువలేదు. కాని నాకు పేక పట్టడం నేర్పినదానివి నీవే. పాపంలో సగం నీది.

వచ్చే వారం వంశీ తిరిగి వస్తాడని మొన్న శనివారం తెలిసింది. ఈలోగా బాగా ఆడి ఆ కుర్చీ నిలుపుకోవాలని నా తాపత్రయం. కాని ఆ రోజు నాకు మంచి ముక్కలు పడినప్పుడల్లా అందరూ తప్పుకున్నారు. చెత్త ముక్కలు పడినప్పుడల్లా ఉత్సాహంగా పందెం పెంచారు. ఒకసారి చేతిలో రెండు రాజులు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో మూడవది. విజయం కరస్థమనుకొని పందెపు బిళ్లలన్నీ ముందుకు తోశాను. ఒక్కరూ నిలవలేదు. మరుసటి ఆటలో రోషం కొద్దీ పనికిమాలిన ముక్కలు పట్టుకు కూర్చుంటే హరిణి నన్ను పూర్తిగా ఊడ్చేసింది.

ఇక ఈ కుర్చీ నాది కాదనుకొని లేస్తూ, మీకింత దివ్యదృష్టి ఎలా అబ్బిందని అడిగాను.

“మీరే పాడుతున్నరు కద అంకుల్,” అంది హరిణి, నవ్వాపుకోలేక.

“మంచి ముక్కలొస్తే సీసం ఎత్తుకుంటారండీ. వినగానే మేం ఫోల్డ్,” అన్నాడు రవి. “రాజులొచ్చినప్పుడైతే ఏకంగా రాగం తీశారు.”

అది సీసమని నీకెలా తెలుసునన్నాను.

“ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాణ్ణి, నాకేం తెలుస్తుందండీ. మొదటిరోజు టీ తాగుతూ మీరే చెప్పారు, మీ నాన్నగారు కట్టిన సీసమని.”

అక్కయ్యా, అది నీ పెళ్లిలో బావగారిని వర్ణిస్తూ నాన్నగారు చదివినదే. నేను పాడుతున్నట్టు నాకే తెలియదు. ఇన్నేళ్లు బడిలో పద్యాలు చెప్పాను. ఏ తరగతీ నన్నింత శ్రద్ధగా వినలేదు. మొదటి పాదం దగ్గరే పారిపోతున్నాం, పూర్తిగా వినిపించండి అన్నారు. చివరి ఎత్తుగీతి దాకా చదివాను.

“వంశీకి ఇంకో కుర్చీ వేస్తం. ఇది మీదే అంకుల్,” అంది హరిణి.

ఇప్పుడొక ధర్మసందేహం. చేతిలో ఏమీ లేనప్పుడు ఆ సీసం ఎత్తుకుంటే అందరూ పారిపోతారు. ఈ ఆటలో అది నేర్పేనట. కాని నాన్నగారి పద్యంతో బొంకవచ్చునా? బావగారిని కూడా అడుగు. పద్యానికి నాయకుడు ఆయనే కదా. మీ తీర్పు అందేదాకా నేను నిజమే పాడతాను, హాయిగా ఓడిపోతాను.

శారద స్నేహితురాలు వచ్చే నెల ఇక్కడికి వస్తోంది. నా మంకీ టోపీ ఆమె చేతికివ్వు. బావగారికి, పిన్నిగారికి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. నన్ను మనసారా దీవించు. మంచి ముక్కలు పడాలని మాత్రం దీవించకు, పడితే పాడేస్తాను.

నీ తమ్ముడు,
సుబ్రహ్మణ్యం