గ్రేసుకి, ఆముదం గురించి

చెల్లీ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. అప్పుడు కూర్చున్న నెల్లూరు ఆసుపత్రి వరండాలోనే కూర్చుని రాస్తున్నాను. లోపల నీ కూతురికి ఆపరేషన్ చేస్తున్నారు.

రాత్రి బొడ్డు దగ్గర నొప్పన్నది. పొద్దుటికి నొప్పి కుడిపక్కకి దిగింది, ఒళ్ళు కాలిపోతా ఉంది. అచ్చం నీలాగే కుడికాలు ముడుచుకుని పడుకుని ఉంది. కృష్ణపట్నం నుంచి మొదటి బస్సుకే అమ్మా నేనూ ఎత్తుకొచ్చినాము.

పోయినేడు నిన్ను చూసిన డాక్టరమ్మే. కడుపు మీద మెల్లిగా నొక్కి, చెయ్యి తటాలున తీసింది. బిడ్డ కేక పెట్టింది.

"ఆముదం పట్టినారా?" అనడిగింది.

"లేదమ్మా" అన్నాను.

"నేను పట్టినాను తల్లీ, ఈ పెద్దది లేవకముందే. కడుపు కడిగితే తగ్గుతుందని" అన్నది అమ్మ.

డాక్టరమ్మ నా వైపే చూసింది.

నీకు పట్టింది నేనే గదా. అమ్మ అప్పుడు ఊళ్ళో లేదు. వాచిన పేగు ఆముదానికి పగిలిందనీ, చీము కడుపంతా పాకి ఆ విషం నెత్తుట్లో కలిసిందనీ ఈ డాక్టరమ్మే నాకొక్కదానికే చెప్పింది. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నొప్పి ముదిరి ప్రాణం పోయిందన్నాను, అంతే.

ఇప్పుడూ నన్ను పక్కకి పిలిచి, "పగిలింది. పెన్సిలిన్ ఇస్తున్నాం. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేను" అన్నది.

అమ్మ నా పక్కనే ప్రార్థన చేసుకుంటా ఉంది. మధ్యలో ఆపి, నా చెయ్యి పట్టుకుని అడుగుతోంది: "గ్రేసుకి కూడా ఆ రోజు కాస్త ఆముదం పట్టుంటే బతికుండేది గదే?"