చందాదారుడు ఫోను ఎత్తలేదు

తాంతా,
నవంబరు 16, గురువారం.

సూక్ అల్-హుసుర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి ముఖ్య ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ముప్పై ఏడు రోజులుగా చచ్చి పడి ఉన్న నా ఇంటర్నెట్ లైను గురించియు, ఆ నేరమును తమ సిబ్బంది నా కొత్త కంప్యూటరు నెత్తిన రుద్దుట గురించియు.

సూచిక: ఫిర్యాదులు నాలుగు. నాలుగూ మూసివేయబడినవి. నంబర్లు తమ రిజిస్టరులోనే ఉన్నవి, వాటిని తిరిగి ఇక్కడ రాయుట నా సిరాకు దండగ.

లబీబ్ తాద్రోస్ మీఖాయీల్ అను నేను, అరవై నాలుగేళ్ళవాడను, పుట్టుకతో బధిరుడను, పుస్తకాలకు అట్టలు కట్టి బతుకువాడను, తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నాకు ఫోను అక్కర లేదు. ఎన్నడూ అక్కర లేదు. పదకొండేళ్ళ కిందట ఇంటర్నెట్ కావాలని తమ ఆఫీసుకు వస్తే, ముందు ఫోను తీసుకోవాలి, ఆ తీగ మీదనే ఇంటర్నెట్ వస్తుంది, రూలు అన్నారు. రూలు ప్రకారం చెవిటివాడు ఫోను తీసుకున్నాడు. అది అప్పటినుంచి మా హాల్లో గుడ్డ కప్పుకుని కూర్చుని ఉన్నది. నేను దానిని ఒక్క మాట అనలేదు, అది నన్నూ అనలేదు. మా ఇద్దరి మధ్య గొడవ పెట్టినవారు తమరే.

2. పోర్ట్ సయీదులో ఇన్సాఫ్ అని నాకు ఒక అక్క ఉన్నది. ఆమెయూ పుట్టుకతో బధిర. నన్ను బడికి పంపారు, ఆడపిల్ల అని ఆమెను పంపలేదు. అందుచేత ఆమెకు చదువు రాదు, బడిలో నేర్పే సైగలు రావు. ఆమెకు వచ్చినవి మా ఇంటి సైగలే. చిన్నప్పుడు వంటింటి గడప మీద కూర్చుని మేమిద్దరం కల్పించుకున్నవి. మా అమ్మకు సగం వచ్చేవి, ఆవిడ పోయింది. ఇప్పుడు ఈ భూమి మీద ఆ మాటలు తెలిసినవారు ఇద్దరు. సెప్టెంబరులో అక్కకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. తమవంటివారికి చెయ్యి పడితే చెయ్యే పడుతుంది. మాకు నోరు పడిపోతుంది.

ఎడమ చేత్తో మాటలన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి, రోజూ చేయించాలి, మొదటి నెలలు పోతే మళ్ళీ రావు అని డాక్టరు చెప్పాడు. ఆమె కూతురు మంచిదే, కానీ ఆ పిల్లకు తెలిసినవి అన్నం, నీళ్ళు, నిద్ర. మిగతా మాటలు చేయించవలసినవాడను నేను.

3. నాకు కంటి ఒత్తిడి జబ్బు. సెల్‌ఫోను చిన్న తెర మీద, వీడియోలో, అక్క వేళ్ళు నాకు చీమల్లా కనిపిస్తాయి. అందుకే అక్టోబరు మూడున పెద్ద తెర ఉన్న కొత్త కంప్యూటరు కొన్నాను. నాలుగు నుంచి తొమ్మిది వరకు ఆరు సాయంత్రాలు అది పనిచేసింది. ఆ ఆరు సాయంత్రాల్లో అక్క ఎడమ చేత్తో పదకొండు మాటలు తెచ్చుకున్నది. 'కిటికీ తియ్యి' వచ్చిన రోజు నవ్వింది. పదో తారీఖున తెర ఖాళీ. పన్నెండున నాకు కంటి ఆపరేషను అయింది, దుమ్ములో ప్రయాణం నెలకు పైగా వద్దన్నారు. ఇక తమ తీగ తప్ప నాకు దారి లేదు. ఆ తీగ సంగతి చిత్తగించండి.

4. మొదటి ఫిర్యాదు మూడో కిటికీలో ఫతహల్లా గారికి ఇచ్చుకున్నాను. నేను పెదవులు చూసి మాట పట్టుకుంటాను గాని ఆయన మీసం పెదవులను పూర్తిగా కప్పేసింది. కాబట్టి కాగితం మీద రాయమని సైగ చేశాను. ఆయన రాసినది: "ఫోనులో వేడి ఉందా?"

అయ్యా, నేను ఇంటికి పోయాను. గుడ్డ తీసి ఫోను మీద చెయ్యి పెట్టి చూశాను. కింద, పక్కన, వెనక, అన్ని చోట్లా చూశాను. మళ్ళీ ఎక్స్ఛేంజికి వచ్చి వరసలో నిలబడి ఇలా రాసి ఇచ్చాను: "ఫోను చల్లగా ఉన్నది. పక్కనున్న రౌటరు మాత్రం వెచ్చగా ఉన్నది."

ఫతహల్లా గారి భుజాలు కదిలినవి. కాగితం పక్క కిటికీకి పోయినది. అక్కడ ఇంకో రెండు భుజాలు కదిలినవి. తరువాత ఆయన నా ఎదుటనే రిజిస్టరులో రాసుకున్నది: "వేడి ఉన్నది. లైను బాగున్నది. లోపము చందాదారుని కొత్త కంప్యూటరులో."

ఆ సాయంత్రం మా పై అంతస్తు పొరుగావిడకు, అందరూ హైసమ్ వాళ్ళమ్మ అని పిలిచే ఆవిడకు, ఈ సంగతి రాసి చూపిస్తే ఆవిడ తల పట్టుకుంది. ఆవిడ నాతో మాట్లాడేటప్పుడు పెదవులు బాగా తిప్పి మాట్లాడుతుంది.

"అయ్యో లబీబ్ బాబాయ్, వేడంటే నిప్పు కాదు! ఫోను ఎత్తగానే చెవిలో గుయ్యిమని మోగుతుంది చూడు, దాన్ని వేడంటారు."

ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించింది.

"గుయ్యీ లేదు గియ్యీ లేదు. ఇది ఎప్పుడో పోయింది బాబాయ్. నువ్వు శవాన్ని పెట్టుకుని కూర్చున్నావు."

మన ఈజిప్టులో చెవులున్న ప్రతివాడికీ ఈ మాట తెలుసునట. మోతను వేడి అంటారని అరవై నాలుగేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరికి చెప్పవలసిన పని పడింది గనుక? కానీ ఎదుటివాడు చెవిటివాడని కాగితం అందుకుంటూనే తెలుసుకున్న ఫతహల్లా గారు, వాడిని మోత ఉన్నదా అని ఎట్లా అడిగారు? అడిగి, వాడు చెయ్యి పెట్టి చూసి వచ్చానంటే ఎట్లా నవ్వారు? నవ్వి, దానిని ఎట్లా రిజిస్టరులో ఎక్కించారు? ఇది ఒక్క ప్రశ్నే, మూడుసార్లు అడుగుతున్నాను.

5. తమ సిబ్బంది చెప్పిన ప్రతి పనీ చేసి ఉన్నాను. రౌటరు ఆపి మళ్ళీ పెట్టాను. వెనక చిన్న చిల్లులో గుండుసూది గుచ్చి పది అంకెలు లెక్కపెట్టాను, ఇది పద్నాలుగుసార్లు. తీగ మార్చాను. గోడకున్న చిన్న డబ్బీ మార్చాను. ఫ్రిజ్ పక్క నుంచి రౌటరును దూరం జరపమంటే జరిపాను, ఆ ఫ్రిజ్ గోడకు అవతల ఇంటివారిది. చివరికి కంప్యూటరును దుప్పటిలో చుట్టి, టాక్సీలో ఒళ్ళో పెట్టుకుని, కొన్న దుకాణానికి తీసుకుపోయాను. దుకాణదారు తన ఇంటర్నెట్‌కు తగిలించాడు. నిమిషం కాకముందే బొమ్మలు పరుగెత్తినవి. "కంప్యూటరుకు ఏ లోపమూ లేదు" అని ముద్ర వేసి ఇచ్చిన కాగితం ఇందుతో జతచేసి ఉన్నాను. అది చూసి ఫతహల్లా గారు రాసినది: "అయితే గోడలో ఉండవచ్చు."

అయ్యా, రౌటరు మీద దీపాలు నాలుగు. వాటిలో రెండోది తమ తీగది. అది నిలకడగా పచ్చగా వెలగాలి, ముప్పై ఏడు రోజులుగా కొట్టుకుంటున్నది. మా ఇంటి తలుపు గంట దీపం, నన్ను పొద్దున్న లేపేది దీపం. దీపాలు చూసి బతికినవాడను. లోపం ఎక్కడున్నదో నేను మొదటి రోజే రాసి ఇచ్చాను.

6. రెండో ఫిర్యాదు ఫోను మీదనే ఇవ్వాలన్నారు. హైసమ్ వాళ్ళమ్మ తన ఫోను నుంచి చేసింది. రెండువైపుల మాటలూ ఆవిడ నా నోటుపుస్తకంలో రాస్తూ వచ్చింది. ఆ పేజీ ఉన్నది ఉన్నట్లుగా:

"మేడమ్, చందాదారుడితో మాట్లాడాలి."

"పక్కనే ఉన్నాడు నాయనా. చెవిటాయన. నేను చెప్తా, నువ్వు రాసుకో."

"రూల్ ఒప్పుకోదండీ. ఆయన గొంతు వింటేనే ఫిర్యాదు తీసుకుంటాం."

"గొంతు కావాలా? ఆగు, వినిపిస్తా."

ఆవిడ ఫోను నా నోటి దగ్గర పెట్టి, కానివ్వు అని చెయ్యి ఊపింది. అయ్యా, నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. చిన్నప్పుడు నేను నోరు తెరిస్తే వీధిలో పిల్లలు పారిపోయేవారు కాబట్టి బాగుండదని మాత్రం తెలుసు. నలభై ఏళ్ళుగా పరాయివాళ్ళ ముందు నేను దానిని బయటికి తీయలేదు. ఆ రోజు తీశాను. నా పేరు, మా నాన్న పేరు, తాతగారి పేరు, రూలు ప్రకారం మూడూ చెప్పాను. హైసమ్ వాళ్ళమ్మ నా వంక చూడకుండా నేల చూసింది. తరువాత ఫోను చెవికి పెట్టుకుని విని, పుస్తకం మూసేసింది. నేను పుస్తకం తెరిచి రాయమంటే రాసింది:

"మేడమ్, లైన్లో ఏదో గోల వస్తోంది. పెట్టేసి మళ్ళీ చేయండి."

ఆ గోల నా పేరు.

7. రెండోది అక్కడికే మూసివేశారు. మూడు, నాలుగు ఫిర్యాదులు తమ ఆఫీసులో చేత్తో ఇచ్చినవి. మూడో దాని మీద తమవారు రాసిన ముగింపు: "చందాదారుడు ఫోను ఎత్తలేదు. మూసివేయడమైనది." పనిచేయని ఫోనుకు, చెవిటివాడి ఇంటికి, ఆ ఫోను పనిచేయడం లేదన్న ఫిర్యాదు గురించి ఫోను చేసి, ఎత్తలేదని రాసుకున్నారు. ఆ రిజిస్టరుకు ఆకుపచ్చ గుడ్డ వేసి, మూలలకు తోలు పెట్టి కట్టినవాడను నేనే. ఇలాంటి రాతలకని తెలిసి ఉంటే అంత గట్టిగా కుట్టేవాడిని కాను.

నాలుగో దాని ముగింపు: "సిబ్బంది ఇంటికి వెళ్ళిరి. పిలిచిరి. చందాదారుడు పలకలేదు." ఆ వెళ్ళిన లైన్‌మన్ మర్నాడు మా వీధి మొగలో చిక్కుడు గింజల ఫూల్ అమ్మే బండి దగ్గర హైసమ్ వాళ్ళమ్మకు దొరికాడు. నేను ఆవిడ పక్కనే ఉన్నాను, అతనికి మీసం లేదు.

"ఏమయ్యా, చెవిటాయన ఇంటి కింద నిలబడి కేకలేసి పోయావట. బుద్ధుందా నీకు?"

"చెవుడని కాగితంలో రాసి లేదమ్మా. కాగితంలో లేంది నాకెట్లా తెలుస్తుంది?"

"మెట్లెక్కి గంట నొక్కొచ్చుగా?"

"నాలుగంతస్తులమ్మా, మోకాళ్ళు నావి. అయినా ఇంటి నంబరుకి ఫోను కూడా చేశా. ఎవరూ ఎత్తలా."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఆ ఫోను పాడైందనేగా నిన్ను రమ్మంది!"

"అదీ నిజమే," అన్నాడు. రొట్టె తుంచి మళ్ళీ గిన్నెలో ముంచాడు.

తమ సిబ్బందిలో ఇంతవరకు ఒక నిజం ఒప్పుకున్నవాడు ఇతడొక్కడే. కాబట్టి ఇతనిమీద చర్య తీసుకోవద్దని కోరుతున్నాను.

8. కావున నా ప్రార్థన: మెట్లు ఎక్కగల ఒక మనిషిని పంపండి. గంట నొక్కితే మా ఇంట్లో ఎర్ర దీపం వెలుగుతుంది, నేను తలుపు తీస్తాను. వీధి మలుపులో తమ ఇనుప పెట్టె తలుపు ఊడి, అందులోకి వాన నీళ్ళు పోయి ఉన్నవి. వాడిని ముందు అది చూడమనండి. నా కంప్యూటరు నిర్దోషి అని రిజిస్టరులో రాయండి. చందాదారుడు బధిరుడు అని నా పేరు పక్కన ఎర్ర సిరాతో రాయండి, అక్షరాలు పెద్దవిగా.

కంటి డాక్టరు ఇవాళ నాకు ప్రయాణానికి సెలవిచ్చాడు. రేపు శుక్రవారం అక్కను చూడటానికి పోతున్నాను. శుక్ర, శనివారాలు తమకు సెలవు గనుక ఆదివారం తమ ఆఫీసు తెరవగానే ఈ అర్జీ నేనే తెచ్చి ఇస్తాను. చదివినంతసేపు కిటికీ దగ్గరే నిలబడతాను. తమరు పూర్తిగా చిత్తగించవలెను, సగంలో పక్క కిటికీకి ఇవ్వకూడదు.

పదకొండేళ్ళు తమకు విధేయుడుగా ఉండి, ఇక ఓపిక లేనివాడు,
లబీబ్ తాద్రోస్ మీఖాయీల్.

తా.క.: శుక్రవారం సాయంత్రం. ఇప్పుడే పోర్ట్ సయీద్ నుంచి వచ్చాను. ఇంజనీరు గారూ, ఇది అర్జీ భాషలో రాయలేను.

అక్క మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. నన్ను చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి తనని చూపించింది, నన్ను చూపించింది. వేళ్ళు మూసి తెరిచింది, అది మాకు 'మాటలు'. ఆ తర్వాత అరచేత్తో దుప్పటిని రెండుసార్లు తుడిచి నా మొహంలోకి చూసింది. ఆ చివరి సైగ నాకు తెలియలేదు. ముప్పై ఎనిమిది రోజుల్లో ఆమె ఒక్కతే కూర్చుని కల్పించుకున్నది. మళ్ళీ చేసింది. నాకు మళ్ళీ తెలియలేదు.

చెవులున్నవాళ్ళు ఏదో అడిగి మాకు అర్థం కాకపోతే మేము ఒక పని చేస్తాం. నవ్వి, అవునని తల ఊపుతాం. దుకాణాల్లో, ఆస్పత్రుల్లో, మీ కిటికీల దగ్గర జీవితమంతా అదే చేశాను. అక్క దగ్గర ఎన్నడూ చేయలేదు. ఇవాళ చేశాను. ఆమె కూడా తల ఊపింది. చెయ్యి దుప్పటి కింద పెట్టేసుకుంది. నేను బయలుదేరేదాకా మళ్ళీ తీయలేదు.

తిరుగు దారిలో మైక్రోబస్సులో నువ్వుల రొట్టె తిన్నాను. తిని, చేతులకు అంటిన నువ్వులు దులుపుకున్నాను, రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి తుడిచి. అప్పుడు తెలిసింది. మా ఇంట్లో 'అయిపోయింది' అంటే అదే సైగ. దానికి రెండు చేతులు కావాలి. ఆమెకు రెండో చెయ్యి లేదు, అందుకని దుప్పటికి తుడిచింది.

మన మాటలు అయిపోయాయా అని అడిగింది మా అక్క. నేను నవ్వుతూ అవునన్నాను.

రేపు పొద్దున్నే మళ్ళీ పోతున్నాను, కాదని చెప్పడానికి. ఒకసారి చెప్తే నమ్మదు ఆమె. ప్రతి సాయంత్రం చెప్పాలి. లైను బాగుచేయించండి.