గోడకు ఎదురుగా కూర్చునే కుర్చీ

జూన్ 9, పొద్దున

బిస్కెట్ ప్యాకెట్ మీద ‘ఇక్కడ చింపండి’ అని బాణం గుర్తు వేస్తారు. అక్కడ తప్ప ఇంకెక్కడైనా చిరుగుతుంది. పళ్ళతో కొరికాను. పన్ను కదిలింది. బిస్కెట్లన్నీ చొక్కా మీద పడి, అక్కణ్ణించి కోడిపెట్ట నోట్లోకి పోయాయి. ఈ ప్యాకెట్ చేసినవాడు ఒక్కసారి నా కంటపడాలి. ఛీ.

జూన్ 9, సాయంత్రం

వాడు రాలేదు గానీ వాడి జాతి పిల్ల ఒకతి వచ్చింది. పేరు మాధవి. సొంతూరు విజయవాడ, బెంగుళూరులో డిజైన్ చదువుతోందట. మా కోడలు హెలెన్ ఆశా వర్కరు కాబట్టి తనే వెంటబెట్టుకొచ్చింది. డిజైన్ అంటే ఏందమ్మా, చీరల మీద పూలా అని అడిగాను. కాదు తాతగారూ, మనం వాడే వస్తువులండీ, చెంబు దగ్గర్నించి మంచం దాకా ఎలా ఉంటే మనిషికి సుఖమో ఆలోచించి చేయడమండీ అంది. అయితే ముందు బిస్కెట్ ప్యాకెట్ సంగతి తేల్చు అన్నాను. నవ్వి రాసుకుంది. రాసుకునేవాళ్ళంటే నాకు అసహ్యం.

జూన్ 10

ఆ పిల్ల వచ్చింది నా కోసం కాదు, దీనమ్మ కోసం. దీనమ్మ నా పెళ్ళాం.

ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. ఎవరూ చదవరులే. చిన్నప్పటినుంచీ తాగిన బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఆమె ఎముకల్లో దిగింది. నడుము కొడవలిలాగా ముందుకు వంగిపోయింది. మోకాళ్ళు మడత పడవు. బాత్రూంలో గొంతుక్కూర్చోలేదు. మార్కాపురం మెడికల్ షాపులో తెచ్చిన రంధ్రం కుర్చీలో కూర్చోబెడితే, వీపు వెనక్కి ఆనకపోయేసరికి ముందుకు బోర్లా పడింది. నుదురు పగిలింది. అప్పటినుంచీ నేనో హెలెనో లోపలికి పోయి రెండు భుజాలూ పట్టుకోవాలి. ఊరంతటి మీదా నోరు చేసుకునే మనిషికి అది చావుతో సమానం. అందుకని నీళ్ళు మానేసింది. పొద్దున ఒక గ్లాసు, అంతే. సాయంత్రం అన్నం కూడా తినదు.

యూరిన్ ఇన్ఫెక్షన్ పోయినట్టే పోయి మళ్ళీ వస్తోంది. ఇట్లయితే కిడ్నీలు పోతయ్, నీళ్ళు తాగాల అని డాక్టరు అరిచాడు. ఆయన ముందు తల ఊపింది. ఇంటికొచ్చి చెంబు బోర్లించింది.

ఇలాంటి నడుములకు సరిపోయే కుర్చీ చేయాలని మాధవి వచ్చిందట. ముందు నన్ను అడిగింది, రోజుకు ఎన్నిసార్లు పోతారు తాతగారూ అని. పండగలకు మాత్రమే అన్నాను. అదీ రాసుకుంది. హెలెన్ నెత్తి కొట్టుకుంది.

జూన్ 12

మీ బళ్ళో ఇంకేం చేస్తారో చూపించమంటే మాధవి ఫోన్ తీసింది. ఎందుకు అడిగానా అనిపించింది.

ఒకడు ఉచ్చతో ఇటుకలు చేశాడు. నిజంగానే. దాంట్లో ఏవో క్రిములు వేస్తే ఇసక గట్టిపడుతుందట. ఆ ఇంటికి గృహప్రవేశం ఎవడు పిలుస్తాడు, పిలిస్తే ఎవడు పోతాడు? ఇంకొకడు మంగలి షాపులో ఊడ్చిన వెంట్రుకలతో స్టూలు చేశాడు. ఇంకొకడు పుట్టగొడుగులతో శవపెట్టె. మట్టిలో వేస్తే పెట్టె కరుగుతుంది, లోపలున్నవాడూ కరుగుతాడు. నా వైపు చూస్తూ చెప్పింది. నాకు కొలత తీసుకుంటోందేమో అని లోపలికి పోయాను.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. సాంబారులో పుట్టగొడుగు ముక్క ఉన్నట్టే అనిపించింది. అది ములక్కాయ.

జూన్ 14

మా నడవ గోడ నిండా పసుపుపచ్చ చీటీలు అంటించింది ఆ పిల్ల. అన్నీ ఇంగ్లీషు. అన్నీ మా దీనమ్మ గురించే. పెళ్ళిలో కూడా ఆమె గురించి ఇన్ని మాటలు ఎవరూ అనలేదు. ఒక చీటీ పీకి ఇదేంది అని హెలెన్‌ని అడిగితే, ప్రైవసీ కావాల అని రాసినారు మామా అంది. తీసుకుపోయి బర్రె నుదుటి మీద అంటించాను. పాలు పిండే టైముకి మాధవి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కడుపు పట్టుకుని నవ్వి ఫోటో తీసుకుంది. ఏడిపించినా ఏడవని పిల్లలతో ఎట్లా వేగేది.

జూన్ 15, ఆదివారం

మాధవి చర్చికి కూడా వచ్చి, ముసలివాళ్ళు ఎలా కూర్చుంటున్నారో ఎలా లేస్తున్నారో బొమ్మలు గీసుకుంది. తన వాక్యం రాసుకుంటోందనుకుని పాస్టరు గారు ఇంకో అరగంట లాగారు. ఆకలికి చచ్చాము.

జూన్ 17

ఇసక మూట ఒకటి తెచ్చి, బల్ల మీద పెట్టి, దీన్ని కావలించుకుని మీకు హాయిగా ఉన్నట్టు వంగండి అమ్మమ్మగారూ అంది మాధవి. దీనమ్మ దాని మీద వాలిపోయింది. గడ్డం ఆనించింది. కళ్ళు మూసుకుంది. ఆ మూటలో ఆమె రొమ్మూ గడ్డమూ ఆనిన చోట పడిన గుంటల్ని టేపు పెట్టి కొలిచారు.

నా వల్ల కాలేదు. పెళ్ళయినప్పటినుంచీ నన్ను ఒక్కనాడైనా అట్ల పట్టుకున్నావా అన్నాను. దీనమ్మ కళ్ళు తెరవకుండానే, ఇది మాట్లాడదు గదా ముసలోడా అంది.

జూన్ 18

మాధవి బెంగుళూరు పోయింది. దీనమ్మ గ్లాసులో సగం నీళ్ళు వంకాయ మొక్కకు పోసింది. చూశాను. చూడనట్టు ఉన్నాను.

జూలై 5

కుర్చీ వచ్చింది. మాధవే తెచ్చింది.

ఏం చెప్పాలి? పసుపుకొమ్ముకు జబ్బు చేస్తే ఎలా ఉంటుందో ఆ రంగు. వెనక వీపు లేదు. ముందు మాత్రం దిండు లాంటి పలక ఒకటి, దానికి రెండు వైపులా కొమ్ముల్లాగా పిడులు. కాళ్ళు వంచిన పైపులు. దాని మీద అందరిలాగా కూర్చోకూడదట. గోడ వైపు మొహం పెట్టి, స్కూటర్ ఎక్కినట్టు ఎక్కి, దిండు మీద రొమ్ము ఆనించి వాలాలట. సీటు ఎత్తుగా ముందుకు వాలి ఉంది కాబట్టి మోకాళ్ళు మడవనక్కరలేదు. లేచేటప్పుడు పిడులు నొక్కితే చాలు, అదే లేపుతుంది. ముందుకు వంగినవాళ్ళని వెనక్కి కూర్చోబెట్టడమే తప్పు తాతగారూ అంది మాధవి.

మనుషులు గోడను చూస్తూ కూర్చునే కుర్చీ! ఛీ, బళ్ళో తప్పు చేసిన పిల్లకాయలా. మా కొడుకు శ్యాంసన్ ఆటో ఆపి వచ్చి చూసి, నాయనా, దీన్ని తిరగేసి బిగించినారేమో అన్నాడు. ఎదురింటి సుశీలమ్మ, పెట్రోలు ఎక్కడ పోస్తారక్కా అని అడిగింది. నేను నడవలో దాన్ని ఎక్కి, పిడులు తిప్పుతూ, మార్కాపురం మార్కాపురం, త్రిపురాంతకం వాళ్ళు దిగాల అని అరిచాను. వీధంతా నవ్వింది.

దీనమ్మ నవ్వలేదు. దిగు ముసలోడా, అది నాది అంది.

జూలై 6

దీనమ్మ ఒక్కతే లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. గడియ పెట్టుకుంది. ఆ గడియ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. తుప్పు పట్టి కీచుమంది.

బయట నేను, హెలెన్, మాధవి. పడితే ఎలా అని నేను తలుపు విరగ్గొట్టడానికి గునపం కూడా పక్కన పెట్టుకున్నాను. చాలాసేపటికి నీళ్ళు పోసిన చప్పుడు, గడియ చప్పుడు. తనే వచ్చింది. మమ్మల్ని చూసి, ఏంది అట్ల నిలబడినారు, పెండ్లికూతుర్ని చూసేకి వచ్చినట్ల, పనుల్లేవా మీకు అంది. మాధవి ఏడ్చింది. హెలెన్ కూడా.

ఆ రంగు మాత్రం నాకు ఇప్పటికీ అసహ్యమే.

జూలై 9

సీటు కింద చిన్న నల్లపెట్టె ఒకటుంది. ఎన్నిసార్లు కూర్చుంటే అన్నిసార్లు బెంగుళూరుకు కబురు పోతుందట. నా పెళ్ళాం ఎప్పుడు పోతుందో అక్కడ ఎవడో కంప్యూటర్లో చూస్తాడట. థూ! ఇంత సిగ్గుమాలిన చదువు నేను ఎక్కడా చూడలేదు.

మధ్యాహ్నం అంతా వక్క నములుతూ ఆ సీటును అరచేత్తో నొక్కుతూ కూర్చున్నాను.

జూలై 10

మాధవి ఫోన్. అమ్మమ్మగారికి విరేచనాలా, ఆస్పత్రికి తీసుకెళ్ళండి అని గోల. హెలెన్ పరుగున పోయి ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చింది. నా మొహం చూసి సంగతి కనిపెట్టింది. దీనమ్మ ఆ ప్యాకెట్లన్నీ చెంబులో కలిపి, నా ఎదురుగా నిలబడి, చుక్క మిగలకుండా నాతో తాగించింది. మూడు రోజులు ఉప్పుగానే ఉంటుంది నోరు.

ఏ స్క్రూ విప్పాలో మాధవే ఫోన్లో చెప్పింది. సారీ తాతగారూ, అడక్కుండా పెట్టడం మాది తప్పు అంది. పెట్టె ఊడదీశాము. తప్పు ఒప్పుకునేవాళ్ళని తిట్టడం కష్టం.

జూలై 16

డాక్టరు రిపోర్టు చూసి ఇన్ఫెక్షన్ లేదన్నాడు. దీనమ్మ ఇప్పుడు పక్కన చెంబు పెట్టుకుని తాగుతోంది. సాయంత్రం గోంగూర పప్పుతో అన్నం తింటోంది. నీళ్ళు పడ్డాక నోరు కూడా లేచింది. పొద్దున్నించీ నన్ను తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టలేదు.

జూలై 21

మాధవి వాళ్ళ సారు ఫోన్ చేశాడు. మధుసూదన్ అట. వీడియో కాల్. అద్దాలు ఒక రంగు, అద్దాల తాడు ఇంకో రంగు. కుర్చీ అద్భుతంగా వచ్చిందట. పెద్ద ఎగ్జిబిషన్‌లో పెడతారట. కాబట్టి వెనక్కి పంపాలట. అది ప్రోటోటైప్ అట, అంటే మొదటి నమూనా, కాలేజీ ఆస్తి అట.

ఇంకొకటి చేసి ఇవ్వండి సార్ అన్నాను. ఏదైనా కంపెనీ ముందుకొస్తే, ఒకటి రెండేళ్ళలో అన్నాడు. అప్పటిదాకా మా ఆమె నీళ్ళు ఆపుకోవాలా అంటే, మీ ఆవిడ ఫోటో కుర్చీ పక్కనే పెద్దది పెడతాం, వేలమంది చూస్తారు అన్నాడు. అక్కడ దాని మీద కూర్చునేది ఎవరు సార్ అని అడిగాను. ఎవరూ కూర్చోరండీ, గాజు పెట్టెలో ఉంటుంది, ముట్టుకోనివ్వం అన్నాడు, మాకు ధైర్యం చెప్తున్నట్టు.

ఉచ్చ ఇటుకల కంటే ఇదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

తర్వాత మాధవి విడిగా చేసింది. ఎంత అడిగినా సార్ ఒప్పుకోలేదు తాతగారూ అంది. ఇంకేదో అనబోయి ఫోన్ పెట్టేసింది.

జూలై 22

మార్కాపురం నుంచి వడ్రంగి రామయ్యను పిలిపించాము. కొలతలు తీసుకుని సాయంత్రానికల్లా కర్రతో అలాంటిదే చేశాడు. చూడ్డానికి దానికంటే బాగుంది. దీనమ్మ పిడులు నొక్కగానే మొత్తం ముందుకు తిరగబడింది. మోచెయ్యి దోక్కుపోయింది. రామయ్య మాధవి కుర్చీ చుట్టూ తిరిగి తిరిగి, కాళ్ళ వంపులోనే ఉంది పెద్దాయనా కిటుకంతా, ఈ పైపు వంచేది నాతో కాదు అన్నాడు.

జూలై 23

దీనమ్మ మళ్ళీ అరగ్లాసే తాగింది. కుర్చీ ఇంకా ఈడనే ఉండాది గదే అన్నాను. అలవాటు చేసుకోవాల గదా అంది.

జూలై 25

పార్సిల్ బండి వచ్చింది. కుర్చీ వచ్చిన అట్టడబ్బాలోనే పంపమన్నారు. ప్యాకింగ్ నేనే చేస్తానన్నాను. హెలెన్ నన్ను ఎగాదిగా చూసి, మామా, నువ్వు ఇంత నెమ్మదిగా ఉంటే నాకు భయమైతాది అంది. చర్చి కడిగే వంతు ఈ రోజు మనది, నువ్వు పోయి బకెట్లు చూసుకోమ్మా అని పంపేశాను. చర్చి తాళం నిన్న రాత్రినుంచీ నా దగ్గరే ఉంది. శ్యాంసన్ ఆటో తీసుకుని కనిగిరి పోయాడు. దీనమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

డబ్బా ఎత్తుతూ డ్రైవరు, ఏంది తాతా ఇంత బరువు అన్నాడు. మా ముసల్దాని కన్నీళ్ళు నాయనా అన్నాను. వాడు టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. పాపం, మంచివాడు.

జూలై 27, ఆదివారం

పాస్టరు గారు ఈ రోజు మొత్తం నిలబడే వాక్యం చెప్పారు. ఆయన ఎత్తు వీపు కుర్చీ శుక్రవారం నుంచీ కనపడడం లేదట. ఎవరైనా చూశారా అని అడిగితే, అయ్యో అని అందరికంటే గట్టిగా నేనే అన్నాను. కాళ్ళు నొప్పి పుట్టి తొందరగా ముగించారు. జనం దేవుణ్ణి స్తుతించారు.

హెలెన్ రోజూ బాత్రూం కడుగుతోంది. ఏమీ అడగలేదు. దీనమ్మ ఇప్పుడే రెండో చెంబు ముంచుకుంది. తనూ అడగలేదు.

పాస్టరు గారి ఆ కుర్చీ వెనక ‘దానం: కృపావరం, దీనమ్మ’ అని మా ఇద్దరి పేర్లే ఎర్ర రంగుతో రాసి ఉంటాయి. కాబట్టి దొంగతనం కాదు. బరువు సరిపోవడానికి రెండు పలకరాళ్ళు వేసి, డబ్బాకు టేపు వేసింది నేనే.