రెండు లైన్లలో నేను

జనవరి 12, సోమవారం

మందుల షాపులో నన్ను మాన్పించి రెండు నెలలు. ఇవాళ ఆడపడుచు వచ్చి నా రెజ్యూమె ముందేసుకుని కూర్చుంది. దానిది ఆఫీసు ఉద్యోగం, ఇలాంటివి బాగా తెలుసు. పైన ఆబ్జెక్టివ్ లేకపోతే ఎవరూ కిందికి చదవరంది. నెట్‌లో దొరికింది దించాను: డైనమిక్ సంస్థలో సవాళ్లను ఎదుర్కొంటూ ఎదగడం. నువ్వు డైనమిక్ అంటే నేతిబీరకాయలో నెయ్యి ఉందన్నట్టే వదినా అని నవ్వింది. ఒళ్లు మండింది. కానీ అబద్ధమేం కాదు.

జనవరి 13

అసలు సవాళ్లు నాకెందుకు?

జనవరి 15

ఆరుసార్లు రాశాను. మంచి జీతం, ఇంటికి దగ్గర అని రాస్తే కొట్టేసింది. నీకేం కావాలో కాదు వదినా, నిన్ను పెట్టుకుంటే వాళ్లకేం ఉపయోగమో రాయి అంది. ఏ పోస్టు, ఎన్నేళ్ల అనుభవం, నువ్వు బాగా చేసే పని ఒక్కటి. రెండు లైన్లు దాటొద్దట. బాగా చేసే పని అనగానే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పెన్ను పడేసి వంటింట్లోకి వెళ్లాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

ఆడపడుచు వచ్చి అవి తుడిచి పెట్టింది. దానికీ తెలుసు.

జనవరి 16, ఉదయం ఆరు

ఎవరూ చదవని పుస్తకం కదా, రాసేస్తాను. నవంబర్‌లో ఒక పెద్దాయనకు బీపీ బిళ్లలు రెండున్నర మిల్లీగ్రాములవి ఇవ్వాల్సింది ఐదు మిల్లీగ్రాములవి ఇచ్చాను. డబ్బాలు ఒకేలా ఉంటాయి. షాపు నిండా జనం. ఇవన్నీ సాకులు. డాక్టరు చీటీలో స్పష్టంగానే ఉంది, నేనే సగం చదివి అరలో చెయ్యి పెట్టాను. మూడో రోజు ఆయన కళ్లు తిరిగి బాత్రూంలో పడ్డారు. మణికట్టు విరిగింది. కూతురు షాపుకొచ్చి డబ్బా కౌంటర్ మీద పెట్టి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

పదకొండేళ్లలో అదొక్కటే తప్పు. ఒక్కటి చాలన్నాడు ఓనరు. ఇప్పుడు పాల ప్యాకెట్ మీద తేదీ కూడా రెండుసార్లు చదువుతున్నాను.

జనవరి 17

రాశాను. "హాస్పిటల్ ఫార్మసీలో ఫార్మసిస్టుగా పని కోరుతున్నాను. పదకొండేళ్ల అనుభవం. ప్రతి చీటీ రెండుసార్లు చదివి మందు ఇస్తాను."

ఆడపడుచు చదివింది. ఇది బావుంది వదినా, కానీ దీని గురించే అడుగుతారు, ఏం చెప్తావంది.

జనవరి 29

ఇంటర్వ్యూ. హాస్పిటల్ పెద్ద ఫార్మసిస్టు తలంతా నెరిసినావిడ. ఆబ్జెక్టివ్ మీద వేలు పెట్టి, ఈ రెండుసార్లు ఎప్పటి నుంచమ్మా అంది. మొదటి నుంచీ అని నోటి దాకా వచ్చింది. ఈ ఉద్యోగం రాకపోతే ఈ పనే మానుకోవాలనీ తెలుసు. నవంబర్ నుంచండీ అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. చెడ్డ సిగ్గేసింది.

ఆ పెద్దాయన తిరుగుతున్నారా అంది. తిరుగుతున్నారండీ, కనుక్కుంటూనే ఉన్నానన్నాను. నేను తప్పు మందు ఇచ్చినతను మళ్లీ లేవలేదమ్మా అంది. ఇరవై ఏళ్లయిందట. ఫైలు మూసి, కబురు చేస్తామంది.

ఫిబ్రవరి 9, సోమవారం

మొదటి రోజు. నలభై మూడు చీటీలు. అన్నీ రెండుసార్లు చదివాను. ఆవిడ నా పక్కన నిలబడి, ప్రతిదీ మూడోసారి చదివింది. నాకు కోపం రాలేదు.